సెట్ అయిందా, కూచుందా?

కడప జిల్లా కమలాపురంలో ఇల్లు కట్టేచోట ఓ పూట నిలబడండి. స్లాబు సెట్ కావాలంటారు. తలుపు చౌకట్టుకు సెట్ కాలేదంటారు. మధ్యలో ఫోనొస్తే, పిల్లకు సంబంధం సెట్ అయిందన్న కబురు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువులో ఈ బుల్లి మాటకు ఒక్క క్రియగానే దాదాపు 430 అర్థాలున్నాయి, వాటి వివరణే సుమారు 60 వేల పదాలు! తర్వాత 645 అర్థాలతో ‘రన్’ దాన్ని దాటిపోయింది.

సంబంధం సెట్ కావడం, ‘వానికీ నాకూ సెట్ కాదు’ అనడం మాత్రం ఇంగ్లిషు వాళ్లకు తెలియని వాడుకలు. అవి అచ్చంగా మనవే.

వాళ్లు సెట్ అనేచోట మనకు దేనికి తగ్గ మాట దానికుంది. పొద్దు గుంకుతుంది. పెరుగు తోడుకుంటుంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కడతారు. ఈ మాటలు పలుకుతుంటే కళ్ల ముందు ఆ పనే కనబడుతుంది, అందుకే నాకవి ప్రాణం.

సిమెంటుకు మాత్రం సెట్ అనే మాటే నిలిచిపోయింది. కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలో సిమెంటు ఫ్యాక్టరీయే ఉంది కాబట్టి ఇక్కడ అది ఇంటిమాట. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు నీళ్లు కలిపిన 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలు పెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని పూర్తి కావాలి. ఇది మన దేశపు ప్రమాణం. ముద్దలోకి సన్నటి సూది దింపి, ఎంత లోతు దిగిందో చూసి తేలుస్తారు. సిమెంటుకు మూలమైన క్లింకరు గడ్డలను జిప్సం కలపకుండా నూరితే నీళ్లు తగలగానే గట్టిపడిపోతుంది, మేస్త్రి తాపీ ఎత్తేంత వ్యవధి కూడా ఉండదు. సెట్ అయినంత మాత్రాన బలం వచ్చినట్టు కాదు. బలానికి 28 రోజుల లెక్క ఉంది, మొదట్లో కొన్నాళ్లు తడి ఆరనివ్వకూడదు.

పెళ్లిళ్లకు బంగారం కొనడానికి ప్రొద్దుటూరు పోతాం. హారమూ కమ్మలూ కలిపితే సెట్టు. ఈ సెట్టుకు మూలం చాలావరకు లాటిన్ ‘సెక్టా’, ఫ్రెంచి మీదుగా వచ్చింది. అదే హారంలో రాయిని సెట్ చేయడం, అంటే మన పొదగడం, పాత ఇంగ్లిషు క్రియ. ఒక్క నగ మీద రెండు వేరువేరు మాటలు!

సినిమా సెట్టు అనగానే కడప జిల్లా పొట్టిపాడు బి.నాగిరెడ్డి గుర్తొస్తారు. ఆయన నిర్మాతగా వచ్చిన 1957 నాటి ‘మాయాబజార్’ కోసం గోఖలే, కళాధర్ వేసిన సెట్లను ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇక ఎంసెట్‌లో సెట్ వేరు, అది పరీక్ష పేరులోని పొడి అక్షరాలు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఎంసెట్టే.

ఆ పాత ఇంగ్లిషు క్రియకు అసలు అర్థం ‘కూర్చోబెట్టడం’. కడప బండ పరిచే బేల్దారిని చూడండి. మాలు పరిచి, బండ దించి, కొయ్యసుత్తితో నాలుగు మూలలా తడతాడు. డొల్లగా మోగితే పైకి లేపి మళ్లీ మాలు సర్దుతాడు. మోత గట్టిగా, నిండుగా వినబడ్డాక లేచి చేతులు దులుపుకుంటూ అంటాడు: “ఇంగ కూచుండాది.”