బొగ్గును, రంగునీరును

నేతగ్రామముల చెంత సాగుచేయు రైతునకు రంగునీటి బాధ క్రొత్తది కాదు. అద్దకపు తొట్లు కడిగిన నీరు మురుగుకాలువలో పడి చెఱువునకును, కొంతకాలమునకు బావులకును చేరును. ఒకనాడెఱ్ఱగను, మఱునాడు నల్లగను పారు నీటిని పశువులు సహితము ముట్టవు. దీనికి బొగ్గు మందని పలువురు వినియున్నారు. ఆ మాట యెంతవఱకు నిజమో సభ్యులకు తెలుపుట మా విధి.

బొగ్గు రంగును లాగివేయునన్న సంగతిని 1785వ సంవత్సరమున రష్యాదేశమున లోవిట్జ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనెను. పిమ్మట చక్కెర చేయువారు ఎముకల బొగ్గుతో పానకమును తేటపఱచుకొనిరి. బొగ్గులో కంటికి కానరాని సన్నని రంధ్రములు లెక్కకు మించియుండును. రంగు వాని గోడల కంటుకొని నిలిచిపోవును. ఆవిరితో మిక్కిలి కాచి సిద్ధపఱచిన బొగ్గునందు ఒక్క గ్రామునకే 500 చదరపు మీటర్లకు మించిన వైశాల్యము కలదు. కొబ్బరిచిప్పల నుండియు నట్టి మేలైన బొగ్గు చేయుదురు. పొయ్యిబొగ్గునకు ఈ శక్తి చాల తక్కువ.

ఒక గ్రామమున మేము దీనిని చేసి చూపితిమి. అడుగున చిల్లిగల కుండలో గులకఱాళ్లును, వానిపై ఇసుకను, ఆపై జొన్నగింజలంత నలుగగొట్టి కడిగిన బొగ్గును, మరల ఇసుకను నింపితిమి. ఒక దినము తేర్చిన రంగునీటిని మెల్లగా పోయగా క్రింద తేటనీరు దిగెను. కూడినవారు సంతసించిరి. అంతట నొక వృద్ధరైతు, "అయ్యా, ఇక దీనిని మడికి పెట్టుకోవచ్చునా?" అని యడిగెను. మేము బదులు చెప్పక, ఆ నీటినే మూకుడులో పోసి పొయ్యిమీద ఇగిర్చితిమి. అడుగున తెల్లని పొర మిగిలెను. ఆయన దానిని నాలుకపై వేసికొనబోగా వారించి, "పెద్దయ్యా, ఇది అద్దకములో వేసిన ఉప్పే" అని తెలిపితిమి.

నేటి అద్దకములలో నూలునకు నిండురంగు పట్టుటకై లీటరు నీటికి 50 గ్రాములకు పైబడి ఉప్పు వేయుట కలదు. నీట కరిగిన ఉప్పును బొగ్గు పట్టజాలదు. సాగునీటిలో లవణములు లీటరునకు 450 మిల్లీగ్రాములకు లోపలనున్న చిక్కులేదనియు, 2,000 మించిన తీవ్రమైన హాని కలుగుననియు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి కొలత. ఉప్పు చేరిన నేల చౌడువాఱును. పైరు నీటి నడుమనే దప్పిగొని వాడును.

తమిళనాటి తిరుప్పూరు మనకు పాఠము. అచ్చటి అద్దకపు నీటితో నొయ్యల్ నది చెడిపోగా, సాగుకొఱకు కట్టిన ఒరత్తుపాళయము జలాశయమునుండి నీరు వదలవద్దని రైతులే మొఱపెట్టుకొనవలసివచ్చెను. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకశాలలను మూయుటకు ఉత్తరువిచ్చెను. రైతు నేల చెడెను. పనివాని కూలియు పోయెను.

కావున సభ్యులు ఈ సంగతులు గమనింపవలయును. బొగ్గుతో తేరిన నీటిని త్రాగరాదు. లవణపరీక్ష చేయింపక పొలమునకు పెట్టరాదు. రంగు మరల కానవచ్చిన బొగ్గు మార్చవలయును. వాడిన బొగ్గును ఎరువుగుంటలో వేయరాదు. ఉప్పునీరు నేలలోనికి ఇంకకుండ గచ్చుతొట్టిలో వేఱుగా నిలిపి యెండగట్టుటకు నేతసంఘమువారితో కలిసి యోచింపవలయును. నేతగాడు మనకు పగవాడు కాడు. మన ప్రత్తియే ఆతని మగ్గముమీది నూలు. తేటనీరెల్ల మంచినీరు కాదని యిరువురును తెలిసికొనిననాడు ఈ పని సులువగును.