గులాబీ ఆకు ఎందుకు పాలిపోతుంది?

గులాబీ ఆకులు పసుపెక్కినప్పుడు ఆ మార్పు ముదురు ఆకుల్లో మొదలైందా, చిగురాకుల్లోనా అన్నది ముందుగా చూడాలి. నత్రజని పాత ఆకుల నుంచి చిగుళ్లకు తరలిపోగలదు కనుక దాని కొరత కింది ఆకుల్లో బయటపడుతుంది, అలా కదలలేని ఇనుము కొరత మాత్రం లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా మిగిలి నడుమ భాగం పాలిపోవడంగా కనిపిస్తుంది. సున్నం ఎక్కువున్న నేలలో, ఉదజని సూచిక, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 7.5 దాటితే ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అక్కడ మామూలు ఎరువు పెంచడం వృథా, కర్బన అణువులతో బంధించిన ఇనుమును, అంటే ఐరన్ చీలేట్‌ను ఇవ్వాలి.

ఎదుగుదల కూడా ఆగితే కుండీ అడుగు రంధ్రాన్ని పరిశీలించడం మేలు: నీరు నిలిచి గాలి ఆడక వేరు కుళ్లిన మొక్క తడిలోనే దాహంతో వాడుతుంది, దానికి మళ్లీ నీళ్లు పోయడం పెరటి తోటల్లో తరచూ జరిగే, ఎంతో ప్రేమతో చేసే పొరపాటు.