బండి వెనుక పుల్లీ బోల్టులు: వదులగుటకు, విరుగుటకు కారణములు, నివారణ

కూరగాయలు పండించు రైతునకు నేడు మోటారు సైకిలు కూడ పంపుసెట్టు వలె ఒక పనిముట్టే. హైదరాబాదు పాతనగరములోని మాదన్నపేట కూరగాయల మార్కెట్టునకు సరకు వేకువనే చేరవలెను. ఇబ్రహీంపట్నము నుండి సాగరు రోడ్డు మీదుగా వచ్చు రైతునకు అది సుమారు 25 కిలోమీటర్ల ప్రయాణము. వెనుక సీటుపై వంకాయ మూటలో, టమాట పెట్టెలో కట్టుకొని, చీకటిలో లారీల నడుమ బండి నడుపు రైతు క్షేమము వెనుక చక్రమునకు బిగించిన నాలుగైదు చిన్న బోల్టులపై ఆధారపడి యున్నదని చాలమందికి తోచదు. ఆ బోల్టుల సంగతి తెలిసికొనుట ప్రతి బండి యజమానికిని అవసరము.

పుల్లీ యనగా నేమి?

ఇంజను శక్తిని వెనుక చక్రమునకు అందించు పండ్ల చక్రమును మన మెకానిక్కులు స్ప్రాకెట్టు అందురు. దానిపై గొలుసు నడచును. గొలుసునకు బదులు బెల్టు ఉన్నచో ఆ చక్రమే పుల్లీ యనబడును. తొలినాటి మోటారు సైకిళ్ళలో పెక్కింటికి తోలు బెల్టు లుండెడివి. అవి వానలో జారుటచే గొలుసు వాడుకలోకి వచ్చెను. 1980లో అమెరికాలోని హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ పండ్లు గల రబ్బరు బెల్టును మరల ప్రవేశపెట్టెను. మన దేశములో 2018లో వచ్చిన ఏథర్ 450 వంటి విద్యుత్ స్కూటర్లలోను ఇట్టి బెల్టే కలదు. గొలుసైనను బెల్టైనను, చక్రపు హబ్బునకు దానిని పట్టి యుంచునవి బోల్టులే. కావున దిగువ చెప్పు విషయములు రెంటికిని వర్తించును.

లాగుడును మోయునది బోల్టు కాదు, బిగింపు

బోల్టు అడ్డుగా నిలిచి పుల్లీని త్రిప్పుచున్నదని అనేకులు భావింతురు. అది సరికాదు. బోల్టును బిగించినప్పుడు అది స్ప్రింగు వలె కొంచెము సాగి, పుల్లీని హబ్బునకు గట్టిగా అదుమును. అట్లు అదిమిన రెండు ముఖముల నడుమ గల రాపిడియే శక్తిని చక్రమునకు అందించును.

ఒక లెక్క చూడుడు. నిండు బరువుతో ఎత్తెక్కునప్పుడు టైరు నేలను 60 కిలోల బలముతో నెట్టుచున్నదనుకొనుడు. చక్రము నడిమి నుండి టైరు అంచు 30 సెంటీమీటర్లు, బోల్టులు 5 సెంటీమీటర్ల దూరములో నున్నచో, బోల్టుల వద్ద బలము 6 రెట్లు, అనగా 360 కిలోలు అగును. బోల్టులు 5 అయినచో ఒక్కొక్క దాని వంతు 72 కిలోలు. 8 మిల్లీమీటర్ల మంచి బోల్టును సరిగా బిగించినచో అది సుమారు 1,600 కిలోల బలముతో అదుమును. రాపిడి అందులో నూటికి 15 వంతులనుకొన్నను 240 కిలోలు నిలుపగలదు. అవసరమైన దానికి ఇది మూడు రెట్లకు పైన. కాని బిగింపు నాలుగవ వంతునకు, అనగా 400 కిలోలకు తగ్గినచో, రాపిడి 60 కిలోలకు దిగును. అప్పుడు 72 కిలోల లాగుడునకు పుల్లీ జారుట మొదలిడును. బోల్టు చూచుటకు బిగువుగనే కనబడును, చేతికి కదలదు. అయినను లోపల పని చెడినట్లే.

బిగింపు ఎట్లు పోవును?

20 మిల్లీమీటర్ల మందమును పట్టి బిగించిన బోల్టు పై చెప్పిన బలమునకు సాగునది ఒక మిల్లీమీటరులో 100వ వంతులు మూడు నాలుగు మాత్రమే. ఇది తలవెండ్రుక మందములో సుమారు సగము. పుల్లీకిని హబ్బునకును నడుమ రంగు పూత, తుప్పు, మట్టి, గ్రీజు ముద్ద ఏది యున్నను, అది కొద్దిదినములలో నలిగి అంత మందము తగ్గినచో బిగింపు దాదాపు అంతయు పోవును. నట్టు ఒక్క చుట్టైనను తిరుగకయే బోల్టు వదులగుటకు ఇదియే కారణము.

రెండవ దశలో నట్టే తిరుగుట ప్రారంభించును. జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఈ విషయమును యంత్రముపై పరీక్షించి చూపెను. బోల్టునకు అడ్డముగా భాగములు ఇటునటు జారునప్పుడే నట్టు త్వరగా విప్పుకొనునని ఆయన పరీక్షల వలన తేలినది. సాధారణ స్ప్రింగు వాషరు దీనిని ఆపజాలదు. పూర్తి బిగింపులో అది బల్లపరుపుగా అణగి మామూలు వాషరుతో సమానమగును. కావున “స్ప్రింగు వాషరు వేసితిని గదా” యని నిశ్చింతగా నుండరాదు.

ఎట్లు విరుగును?

బిగింపు పోయిన బోల్టుపై పుల్లీ నేరుగా తగులును. బండి వేగమందుకొన్నప్పుడు ఒక వైపునకు, వేగము తగ్గించినప్పుడు రెండవ వైపునకు వంచును. ఇనుప తీగను ఇటునటు వంచి త్రుంచునట్లే, వేలసార్లు వంగిన బోల్టులో తల క్రిందనో, మొదటి మర చుట్టు వద్దనో సన్నని పగులు పుట్టి పెరుగును. ఒకటి విరిగినచో దాని వంతు మిగిలిన వానిపై పడును. అవియు త్వరలోనే విరుగును. అప్పుడు గొలుసు గాని బెల్టు గాని చక్రమునకును చట్రమునకును నడుమ ఇరుకుకొని, చక్రము ఒక్కసారిగా నిలిచిపోవచ్చును. బరువు గల బండికి ఇది ప్రాణాపాయము.

విరిగిన ముక్కను పారవేయక చూడుడు. ముఖములో అధికభాగము నునుపుగా, గవ్వపై గీతల వంటి వరుసలతో నున్నచో అది చాలకాలముగా పగులుచు వచ్చినది, అనగా వదులు బిగింపే కారణము. ముఖమంతయు గరుకుగా నున్నచో ఒక్కసారిగా పడిన అధిక బలమునకు విరిగినదని ఎరుగవలెను.

ముందుగా కనబడు గుర్తులు

1. బోల్టు తల చుట్టును ఎర్రని తుప్పు పొడి. ఇది రెండు ముఖములు ఒరిసికొనుటచే వచ్చును.
2. బండి కదలునప్పుడు, ఆగునప్పుడు వెనుక నుండి “టక్” మను చప్పుడు.
3. బెల్టు ఒక అంచునకే ఒరయుట, గొలుసు ఒకచోట బిగువుగ, ఒకచోట వదులుగ నుండుట.
4. పుల్లీ రంధ్రములు గుండ్రముగా నుండక కోలగా సాగుట. ఇట్టి పుల్లీకి క్రొత్త బోల్టులు వేసినను నిలువవు, పుల్లీనే మార్చవలెను.

ఈ పరీక్షను ఇంజను ఆపియే చేయవలెను. తిరుగుచున్న గొలుసు దగ్గర చేయి పెట్టినచో వ్రేళ్ళు పోవును.

సరియైన బిగింపు విధానము

1. ఒక్క బోల్టు విరిగినను మొత్తము జతను మార్చుడు. మిగిలినవియు అదే బాధకు లోనైనవే.
2. బోల్టు తలపై అంకె చూచి కొనుడు. 4.6 అను రకము చదరపు మిల్లీమీటరునకు సుమారు 40 కిలోల లాగుడునకు తెగును, 8.8 రకము సుమారు 80 కిలోల వరకు ఓర్చును. తలపై ఏ అంకెయు లేని బోల్టును ఇచట వాడరాదు. కంపెనీ వేసిన రకమునే వేయుడు.
3. పొడవు సరిచూడుడు. పొడవెక్కువైనచో కొన రంధ్రపు అడుగున తగిలి, బిగిసినట్లు తోచును గాని పుల్లీని అదుమదు. పొట్టిదైనచో అల్యూమినియం హబ్బులోని మర చుట్లు ఊడివచ్చును. 8 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియంలో 12 నుండి 16 మిల్లీమీటర్లు దిగవలెను.
4. పుల్లీ, హబ్బు ముఖములను శుభ్రముగా తుడిచి, రంగును తుప్పును తీసివేయుడు. మర చుట్లను పెట్రోలుతో కడిగి ఆరబెట్టుడు. పెట్రోలు వాడునపుడు దగ్గర బీడీ, దీపము ఉండరాదు.
5. కంపెనీ పుస్తకము చెప్పినచో మర చుట్లకు పట్టు జిగురు ఒకటి రెండు చుక్కలు వేయుడు. నీలి రంగుది పానాతో విప్పుటకు వీలగును; ఎర్రనిది వేడి చేసిననే గాని వదలదు. జిగురు పూర్తిగా గట్టిపడుటకు ఒక దినము పట్టును. నైలాను నట్టు గాని మడత వాషరు గాని ఉన్న బండ్లకు ప్రతిసారి క్రొత్తవి వేయవలెను.
6. ఎదురెదురు బోల్టులను, ముందు సగము, తరువాత పూర్తిగా, రెండు విడతలుగ బిగించుడు. టార్కు పానాతో కంపెనీ చెప్పిన అంకెకే బిగించుడు. పానాకు గొట్టము తగిలించి బలము కొలది లాగుట వలన బోల్టు సాగి చెడును. పొడి మర చుట్లకు చెప్పిన అంకెను నూనె పూసిన వానికి వాడినను ఇదే కీడు కలుగును.
7. తుదకు బోల్టు తల మీదుగా పుల్లీ పైకి రంగుతో ఒక గీత గీయుడు. గీత రెండుగా విడిపోయినచో బోల్టు తిరిగినట్లే. అప్పుడు విప్పి, శుభ్రపరచి, మరల బిగించవలెను. జిగురు వేసిన బోల్టును ఊరక కదిపి చూచినచో పట్టు విడిపోవును.

బోల్టులపై భారము పెంచు లోపములు

బోల్టులను మార్చినను మూలకారణము తొలగనిచో అవి మరల విరుగును. బెల్టు లేక గొలుసు అతి బిగువుగా నుండుట, రెండు పుల్లీలు ఒకే వరుసలో లేకపోవుట, చక్రపు బేరింగు అరుగుట, గొలుసు కుదుపును మ్రింగు కుష్ రబ్బర్లు చితుకుట ముఖ్యమైనవి. బరువుతో నున్న బండిపై క్లచ్చిని ఒక్కసారిగా వదలుట వలనను బోల్టులపై పెద్ద దెబ్బ పడును. బరువును బండి పుస్తకములో చెప్పిన హద్దులోనే ఉంచవలెను.

దారిలో బోల్టు విరిగినచో ఇనుప తీగతో కట్టి ముందుకు పోరాదు. సరకు దించి వేరొక బండిపై పంపి, మీ బండిని నడిపించుకొని మెకానిక్కు వద్దకు చేర్చుడు. ఒక పూట బేరము పోయినను ప్రాణము దక్కును.

పొలములోని యంత్రములకును ఇదియే సూత్రము

ఆయిలు ఇంజను, నూర్పిడి యంత్రము, మేత కత్తిరించు యంత్రము, పిండి మర వీని పుల్లీలకును ఇదే వర్తించును. శుభ్రమైన ముఖము, తగిన బోల్టు, సరియైన బిగింపు, రంగు గీత: ఈ నాలుగును చాలును. గ్రామాధికారులు, వ్యవసాయ విస్తరణాధికారులు రైతు వేదికలో ఒకనాడు ఒక మెకానిక్కును, ఒక టార్కు పానాను ఏర్పాటు చేసి రైతులకు చూపినచో ఊరంతటికిని మేలు చేసినవారగుదురు. రైతు సోదరులు మార్కెట్టునకు బయలుదేరు ముందురోజు సాయంకాలమే, వెలుతురుండగా, గాలి, బ్రేకు చూచుటతో పాటు పుల్లీపై రంగు గీతలను కూడ చూచు అలవాటు చేసికొందురు గాక. అందుకు రెండు నిమిషములు చాలును.