పట్టా లోపలి పగులు ఎలా తెలుస్తుంది?

ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయేది హౌరా–చెన్నై మెయిన్‌లైను. ఆ పట్టాల్లో పగుళ్లు వెతకడానికి రైల్వే సిబ్బంది అల్ట్రాసౌండ్ ట్రాలీని తోసుకుంటూ నడుస్తారు. అది తన కిందున్న చోటునే చూస్తుంది. అంటే దారంతా నడవాల్సిందే, రోహిణీ కార్తె ఎండల్లో అయినా!

ఇంకో పద్ధతి ఉంది. పట్టాను ఒకచోట కంపింపజేస్తే, ఆ అల ఉక్కు అంచులకు తగిలి లోపలికే మళ్లుతూ, కాలవలో నీళ్లలా పట్టా వెంబడే సాగుతుంది. దక్షిణాఫ్రికాలో ఇనుప ఖనిజం మోసే సిషెన్–సల్దాన్యా లైనులో ఇదే వాడతారు: ఇక్కడ పంపిన అల సుమారు కిలోమీటరు అవతల అందలేదా, పట్టా విరిగినట్టే.

విరగకముందే పగులు పట్టాలంటే మాత్రం చిక్కే. పట్టా తల, నడుము, పాదం ఒక్కోటి ఒక్కోలా ఊగుతాయి. ఒక్కో ఊపుకి ఒక్కో వేగం. ఫ్రీక్వెన్సీ మారితే అదీ మారుతుంది. పగులుకు తగిలి వెనక్కొచ్చే సంకేతం కలగాపులగంగా ఉంటుంది. పలచని పలకల్లో ఇలాంటి అలల గణితాన్ని హొరేస్ లాంబ్ 1917లోనే తేల్చాడు కానీ, పట్టా ఆకారం కాగితం లెక్కకు లొంగదు.

అందుకే కంప్యూటర్. పట్టాను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఉక్కు సాంద్రత, సాగే గుణం చెబితే, ఏ ఊపు ఎంత వేగంతో పోతుందో అది లెక్కగడుతుంది. పొడవునా గళ్లు అక్కర్లేదు, ఎక్కడ కోసినా ఆకారం ఒకటే కదా! అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అప్పుడిక తలలో పగులు వెతకాలంటే తలలోనే ఎక్కువగా ఊగే అలను ఎంచుకుని పంపుతారు.