కొత్త చోట ఆవు ఎందుకు చేపదు?

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద వెళ్తే హయత్‌నగర్‌లో మదర్ డెయిరీ ఉంటుంది. నల్లగొండ, రంగారెడ్డి పల్లెల పాలు అక్కడికి చేరతాయి. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఈ డెయిరీ రైతులతో పాటు విజయ, కరీంనగర్, ముల్కనూరు డెయిరీల రైతులకూ రాయితీపై పాడిపశువులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో చాలా పశువులు వేరే రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. అలా దిగిన పశువు పొదుగు నిండా పాలున్నా ఇవ్వకపోవచ్చు. ఎందుకు?

పొదుగు పాలు నింపిన బిందె కాదు. ఆవు పాలలో సుమారు ఐదో వంతే చన్నుల పైనున్న తిత్తిలో సిద్ధంగా ఉంటుంది. బర్రెకైతే ఇరవయ్యో వంతే! మిగతాదంతా కంటికి కనిపించనంత చిన్న గదుల్లో ఉంటుంది. దూడ కుడిస్తే, లేదా చేత్తో పొదుగు నిమిరితే, పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వచ్చి ఆ గదులను నొక్కుతుంది. అప్పుడే ఆవు చేపుతుంది. బెదిరితే మాత్రం ఆ ఆక్సిటోసిన్ సరిగా విడుదల కాదు. కొత్త కొట్టం, కొత్త మనుషులు, ప్రయాణపు అలసట: బెదరక ఏం చేస్తుంది పాపం!

అందుకే దూడను వెంటే తేవాలి. పాత దాణానే పెడుతూ మెల్లగా మార్చాలి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి పితకాలి. అరవకూడదు. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒక నిమిషం నిమిరి, చేపగానే పితకాలి. ఆ హార్మోన్ ప్రభావం కొద్ది నిమిషాలే. బర్రెకు ఇంకాస్త ఓపిక పట్టాలి. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ పొడవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పొదుగు వాచినా, మేత ముట్టకపోయినా 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.