తిరుగు చిరునామాల సాక్ష్యం

ప్రోగ్రాం కూలిపోగానే డీబగ్గర్ తెరిచి 'బీటీ' అని కొడతాం. సున్నా, ఒకటి, రెండు అంటూ ఫంక్షన్ల పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడికి చేరామో చెప్పే వంశవృక్షం అది అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి ఈ బ్యాక్‌ట్రేస్ చూపేది వచ్చిన దారి కాదు, ఇకమీదట పోవలసిన దారి. ఒక ఫంక్షన్ ఇంకొకదాన్ని పిలిచేటప్పుడు, పనయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామాను దాచి మరీ వెళ్తుంది. మామూలు పీసీలో దాన్ని దాచే చోటు స్టాక్. డీబగ్గర్ ఏరుకునేది ఆ చిరునామాలనే. రాసింది రాసినట్టు నడిస్తే రెండు దారులూ ఒకటే. మధ్యలో కంపైలర్ చెయ్యి పెడితేనే చిక్కు.

అది చెయ్యి పెట్టడం నిన్నమొన్నటి అలవాటు కాదు. 1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలర్‌ను బయటికి తెచ్చింది. చేత్తో రాసిన కోడ్‌కు దీటైన వేగం రాకపోతే తమ భాషను ఎవరూ ముట్టుకోరని వాళ్ళ భయం. అందుకే ఆప్టిమైజేషన్‌ను మొదటి నుంచే దట్టించారు. అది పుట్టించిన కోడ్‌ను చూసి, దాన్ని తయారుచేసినవాళ్ళే విస్తుపోయేవారు. లెక్కలు వాటి చోట్లు వదిలి ఎక్కడెక్కడో తేలేవి. తప్పేమోనని తరచి చూస్తే ఒప్పే.

ఇలాంటి కోడ్‌ను డీబగ్ చేసేటప్పుడు వచ్చే గొడవను 1982లో జాన్ హెనెస్సీ పద్ధతిగా పరిశీలించాడు. ఒక వరుస దగ్గర ఆగి చూస్తే, చరరాశిలో కనిపించే విలువ ఆ వరుస దగ్గర ఉండాల్సినదే కానక్కర్లేదని విడమరిచి చెప్పాడు. ఆ దశాబ్దంలోనే జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పనిచేసిన పోలీ జెల్‌వెగర్ ఆప్టిమైజ్ అయిన కోడ్‌ను చూపే డీబగ్గర్ ముందున్న రెండు దారులను విడదీసింది. కంపైలర్ చేసిన మార్పులన్నీ దాచి, ప్రోగ్రామర్ ఆశించినట్టే చూపడం ఒకటి. మార్పు జరిగిందని ఉన్నమాట చెప్పడం ఇంకొకటి. జీడీబీ అనే డీబగ్గర్ విలువకు బదులు 'ఆప్టిమైజ్డ్ అవుట్' అన్నప్పుడల్లా మనకు చిరాకు వస్తుంది కానీ అది రెండో దారి. తప్పు విలువ చూపి నమ్మించే డీబగ్గర్ కన్నా అదే నయం.

జీసీసీ అనే సీ కంపైలర్ మాన్యువల్ చాలా ఏళ్ళు ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెప్పుకునేది. మిగతా సీ కంపైలర్లలో చాలావాటిలా కాకుండా, ఇందులో డీబగ్ సమాచారాన్నీ ఆప్టిమైజేషన్‌నూ కలిపి అడగవచ్చని. వింతలు కనిపించవచ్చన్న హెచ్చరికా పక్కనే ఉండేది.

ఆ వింతలు చూడాలంటే ఇరవై వరుసల సీ ప్రోగ్రాం చాలు. 'మెయిన్' పోయి 'అడుగు'ను పిలుస్తుంది, 'అడుగు' చిట్టచివర 'చూడు'ను పిలుస్తుంది. మూడింటినీ మూడు ఫైళ్ళలో పెట్టండి, లేకపోతే కంపైలర్ అన్నిటినీ కలిపి ముద్ద చేస్తుంది. ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలో, డీబగ్ సమాచారం లేకుండా కంపైల్ చేసి 'చూడు'లో ఆపితే, బ్యాక్‌ట్రేస్‌లో 'చూడు' కింద నేరుగా 'మెయిన్' ఉంటుంది. 'అడుగు' మాయం. తనకిక పని మిగల్లేదు కనుక, "అయ్యాక సరాసరి మెయిన్ దగ్గరికే పో, మళ్ళీ నా దగ్గరికి రానక్కర్లేదు" అని తప్పుకుంది. దీన్నే టెయిల్ కాల్ అంటారు. స్టాక్ అబద్ధం చెప్పలేదు, మన ప్రశ్నే వేరు. ఏ పిలుపు ఎక్కడి నుంచి వెళ్ళిందో రాసిపెట్టే ఏర్పాటు తర్వాత జీసీసీలో వచ్చింది, డీబగ్ సమాచారానికి రూపమిచ్చే 2017 నాటి డ్వార్ఫ్ 5 ప్రమాణంలోకీ ఎక్కింది. దాని ఆసరాతో జీడీబీ మాయమైన ఫ్రేమును, అంటే బ్యాక్‌ట్రేస్‌లో ఆ ఫంక్షన్ మెట్టును, ఊహించి తిరిగి పెడుతుంది, దారి ఒక్కటే అయితేనే సుమా.

ఇంకో ప్రయోగం. ఒకే ఫంక్షన్‌లో మూడు తనిఖీలు రాసి, ఏది తప్పినా ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేసే 'అబార్ట్'ను పిలవండి. మూడు పిలుపులూ అచ్చు ఒకేలా ఉన్నాయి కాబట్టి కంపైలర్ ఒక్కదాన్నే ఉంచి, మూడు దారులనూ అక్కడికే మళ్ళిస్తుంది. తప్పింది మూడో తనిఖీ అయినా డీబగ్గర్ మొదటి దాని వరుస సంఖ్య చూపవచ్చు. ఏ తప్పూ లేని ఆ వరుసను పట్టుకుని పూట పోగొట్టుకోవడం మా వృత్తిలో మామూలే.

అబార్ట్‌తో ఇంకో తంటా ఉంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని కంపైలర్‌కు తెలుసు. అందుకని ఆ పిలుపు తర్వాత ఒక్క ఆదేశం కూడా రాయదు. పిలుపు ఫంక్షన్ చివరి ఆదేశమైతే, దాని తిరుగు చిరునామా ఫంక్షన్ హద్దు దాటిపోతుంది. అక్కడే పక్క ఫంక్షన్ మొదలైతే, ఏ పాపమూ ఎరగని దాని పేరు బ్యాక్‌ట్రేస్‌లోకి ఎక్కుతుంది. అందుకే డీబగ్గర్లు తిరుగు చిరునామాలోంచి ఒకటి తీసేసి, ఆ వెనకటి బైటు ఎవరిదో వెతుకుతాయి. సిగ్నల్ తగిలి ఆగిన ఫ్రేముకు మాత్రం ఈ తీసివేత పనికిరాదు. అక్కడ ఉన్నది తిరుగు చిరునామా కాదు, ఆగిన చోటే.