ఇంజనులో నూనె ఎంత ఉంది?

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. నిడదవోలు పరిసరాల్లో ఉండే పిల్లలకు వరదల రోజుల్లో ఈ అంకెలు కంఠతా వస్తాయి. అంత పెద్ద నది సంగతి తెలిపేది గుర్తులు గీసిన ఒక కొలబద్ద!

కారు ఇంజనులోనూ అలాంటి కొలబద్ద ఒకటి ఉంది. బానెట్ ఎత్తితే ఇంజను పక్కన రింగులాంటి పిడి కనిపిస్తుంది. దాన్ని పట్టి లాగితే సన్నని, పొడుగాటి ఉక్కు పుల్ల బయటికి వస్తుంది. దీన్నే డిప్‌స్టిక్ అంటారు. దాని చివర రెండు గుర్తులుంటాయి. పై గుర్తు దాకా నూనె ఉంటే నిండుగా ఉన్నట్టు. కింది గుర్తుకు దిగితే వెంటనే పొయ్యాలి.

ఈ నూనెతో అంత అవసరం ఏమిటి? ఇంజను నిమిషానికి 2,400 సార్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 40 సార్లు! ఇనుము ఇనుముతో అంత వేగంగా రాసుకుంటే కొద్దిసేపట్లోనే వేడెక్కి, బిగిసి, పట్టేస్తుంది. అలా కాకుండా వాటి మధ్య పలచని నూనె పొర నిలుస్తుంది. ఇంజను అడుగున, మన ఇళ్లలో నీళ్ల సంపు లాగే, ఒక నూనె సంపు ఉంటుంది. పంపు అక్కడి నూనెను పీల్చి పైభాగాలన్నిటికీ పంపుతుంది. అది మళ్లీ కిందికి కారి సంపులోకి చేరుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. డిప్‌స్టిక్ కొలిచేది సంపులో ఉన్న నూనెనే. ఇంజను ఆపిన వెంటనే చూస్తే కొంత నూనె ఇంకా పైనే ఉంటుంది. కొలత తక్కువ చూపిస్తుంది. తక్కువగా ఉందనుకుని మనం ఇంకా పోస్తే, పైన ఉన్నది కూడా దిగి మట్టం హద్దు దాటుతుంది. అప్పుడు తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి. నురగలో ఉండేది చాలావరకు గాలే గదా! అది పలచని పొరగా నిలవలేదు. అందుకే ఇంజను ఆపాక ఐదు పది నిమిషాలు ఆగాలి.

రెండో చిక్కు వాలు. కాలువ గట్టు మీద కారు ఒక పక్కకి ఒరిగి ఆగిందనుకోండి. కారు ఒరిగినా నూనె ఉపరితలం మాత్రం సమతలంగానే ఉంటుంది. కంచంలో నీళ్లు పోసి ఒక పక్క ఎత్తి చూడండి, మీకే తెలుస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. నేల 10 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు వాలిందనుకోండి. డిప్‌స్టిక్ సంపు మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, పల్లం వైపున ఉందనుకోండి. అక్కడ మట్టం 1.5 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. రెండు గుర్తుల మధ్య దూరమే 2 సెంటీమీటర్లయితే? కింది గుర్తు దగ్గర ఉన్న నూనె దాదాపు నిండినట్టు కనబడుతుంది!

మూడోది వ్యాకోచం. ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి నూనె ఘనపరిమాణం సుమారు 0.07 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 4 లీటర్లున్న నూనె 90 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 170 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఇది చిన్న తేడాయే. అయినా ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలో, వేడిగా ఉన్నప్పుడు చూడాలో కారుతో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్నే పాటించాలి.

మరి చూసే పద్ధతి ఏమిటి? కారు సమతలం మీద నిలిపి, ఇంజను ఆపి, కాసేపు ఆగండి. డిప్‌స్టిక్ లాగండి. ఈ మొదటి కొలత లెక్కలోకి రాదు. ఎందుకంటే ఇంజను తిరిగేటప్పుడు ఎగజిమ్మిన నూనె పుల్ల పొడుగునా అంటుకుని ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తియ్యండి. మొన కిందికే ఉండాలి. పైకెత్తితే నూనె పిడి వైపు జారుతుంది. పుల్ల రెండు పక్కలా చూడండి. గొట్టం గోడకు రాసుకుని ఒక పక్క ఎక్కువ కనిపించవచ్చు. తక్కువ ఉన్నదే సరైన కొలత. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే ఇది చెయ్యాలి సుమా! ఇంజను భాగాలు కాలుతూ ఉంటాయి. కొన్ని కార్లలో ఇంజను ఆపినా ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది.

డాష్‌బోర్డు మీద ఎర్ర నూనె దీపం ఉంది గదా, ఈ శ్రమంతా ఎందుకని అడుగుతారేమో. చాలా కార్లలో ఆ దీపం చెప్పేది నూనె మట్టం కాదు, పీడనం. ఇంజను తిరుగుతుండగా అది వెలిగిందంటే నూనె సరిగా అందడం లేదన్నమాట. వెంటనే ఇంజను ఆపాలి.

మట్టం తగ్గితే ప్రమాదమని తెలిసింది. మరి ఎవరూ పొయ్యకుండానే పెరిగితే? అది శుభవార్త కాదు. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు చుట్టుపక్కల చేలు మునిగాయి. అలాంటప్పుడు నీట మునిగిన ఇంజనులోకి నీరు చేరవచ్చు. గ్లాసులో నీళ్లూ నూనే పోసి చూడండి. నూనె పైకి తేలుతుంది. నూనె సాంద్రత నీటికంటే తక్కువ గనుక సంపులోనూ అంతే. నీరు అడుగున చేరి నూనెను పైకి నెడుతుంది. డిప్‌స్టిక్ "నిండుగా ఉంది" అంటుంది. కాని పంపు పీల్చేది అడుగు నుంచి! స్టార్టు చేస్తే బేరింగులకు నూనెకు బదులు నీళ్లు అందుతాయి. అందుకే మునిగిన బండిని మెకానిక్కు చూసేదాకా స్టార్టు చెయ్యకూడదు. పుల్ల మొన మీద నీటి బొట్లున్నా, నూనె పాలు కలిపిన టీ రంగులో ఉన్నా నీరు చేరిందని అనుమానించాలి. నలుపు రంగుకు మాత్రం భయపడనక్కరలేదు. మసిని తనలో కలుపుకుని ఇంజనును శుభ్రంగా ఉంచడం కూడా నూనె పనే.

ఇప్పటి కొన్ని కార్లలో డిప్‌స్టిక్ ఉండదు. ఆ పని సెన్సరు చేస్తుంది. కాని ట్రాక్టర్లలోనూ, చేలకు నీళ్లు తోడే ఎన్నో ఆయిల్ ఇంజన్లలోనూ ఈ పుల్ల ఉంది. మీ ఇంట్లోనో, పొలంలోనో ఇంజను ఉంటే వారానికొకసారి పెద్దవాళ్లతో కలిసి చూడండి. తేదీ, మట్టం ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒక్కనాటి కొలత ఆనాటి సంగతే చెబుతుంది. పది వారాల కొలతలైతే ఇంజను ఆరోగ్యమే చెబుతాయి.